చుట్టం తాగే నీళ్ళు

చిక్కబళ్ళాపురం,
10 నవంబరు 2024

చిన్నమ్మా,

పోయినవారం ఫోనులో నేను చెప్పింది ఒకటి, నువ్వు లోకేశ్‌కు చెప్పింది ఇంకొకటి. వాడు నాకు ఫోను చేసి "అక్కా, పెద్దమ్మను ఆస్పత్రిలో పెట్టినావంటనే" అని కంగారుపడ్డాడు. చెవికి మిషన్ పెట్టుకొమ్మని నీ కొడుకు చెప్పినా వినవు, నేను చెప్పినా వినవు. అందుకని రాస్తున్నాను. అందరూ కన్నడమే చదివిన మన ఇంట్లో తెలుగు రాయడం వచ్చినవాళ్ళం మనిద్దరమే. వేసవి సెలవుల్లో నువ్వు పలక మీద దిద్దించిన అక్షరాలే ఇవి, నీకే తిప్పి పంపుతున్నాను.

అమ్మ ఉన్నది ఆస్పత్రి కాదు. చింతామణిలో పెద్దవాళ్ళను చూసుకునే హోమ్. పక్షవాతంతో కుడిపక్క పడిపోయినప్పటి నుంచి అమ్మను మా మేడమీది ఇంట్లోనే పెట్టుకుని చూశాను. పనికి కుదిరినవాళ్ళు నిలవలేదు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మ తడిసిన పక్క మీద, గోడ వైపు తిరిగి, నిద్రపోతున్నట్లు కళ్ళు మూసుకుని ఉండేది. నిద్ర కాదని నాకు తెలుసు. నాకు తెలుసని అమ్మకూ తెలుసు. అది నువ్వు చూడలేదు చిన్నమ్మా, నేను చూశాను. అయినా చేర్చి ఇంటికి వచ్చిన రోజు, చేసింది అమ్మ కోసమా నా కోసమా అని చాలాసేపు మెట్ల మీదే కూర్చున్నాను.

చింతామణినే ఎందుకు ఎంచుకున్నానంటే, అక్కడ పనిచేసేవాళ్ళంతా మీ పుట్టిన ఊరు కెంచార్లహళ్ళి మాటే మాట్లాడతారు. హోమ్ బాధ్యత చూసే నర్సు పేరు ఆశా. అమ్మ ఉన్న మంచాల వరుసను చూసుకునేది అంజనమ్మ, మాటకారి. అమ్మ మంచం కిటికీ పక్కనే. కిటికీ గూట్లో ఒక కుండీలో కనకాంబరం ఉంది, అమ్మ ఎడమచేతికి అందేంత దగ్గర. తక్కిన కిటికీల్లో మొక్కలు అంతంతమాత్రమే గానీ ఇది మాత్రం ఆకు కనిపించకుండా పూసింది. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని కదా, అమ్మను చూసిరావడానికి పోయిన ప్రతిసారీ ముందు దాన్నే చూస్తాను. మొక్కకు ఇంత శ్రద్ధ చూపే చోట మనిషికి చూపరా అని ధైర్యం తెచ్చుకుంటాను.

ఇంకొకటి కూడా చెప్పాలి, కోప్పడకు. అక్కడ అమ్మకు డైపర్ కడుతున్నారు. పొద్దున స్నానమప్పుడు, మధ్యాహ్నం భోజనమయ్యాక, రాత్రి పడుకోబోయే ముందు మారుస్తారు. నడుమ కావాలంటే మంచానికి కట్టిన గంట నొక్కితే వస్తారట. ఎలా ఉందమ్మా అని అడిగితే "ఏమీ తక్కువ లేదమ్మా, బాగా చూసుకుంటాండారు" అంటుంది. ఎప్పుడడిగినా అదే మాట, అదే వరుసలో. అదే నాకు కొంచెం గుచ్చుకుంటోంది.

నీ మోకాలికి నూనె రాస్తున్నావా?

నీ
ప్రమోద


బాగేపల్లి,
19 నవంబరు 2024

ప్రమోదకు చిన్నమ్మ రాసేది.

నీ జాబు అందింది. అక్షరాలు ఇంకా వంకరే. కాలేజీ పిల్లోళ్ళకు బోర్డు మీద ఇట్లే రాస్తావా?

ఆదివారం లోకేశ్ బండి మీద పోయి అక్కను చూసొస్తిని. మోకాలు ఏడ్చింది కానీ పోతిని. అక్కను చూస్తే కడుపు నిండె. తల నున్నగా దువ్వినారు, బొట్టు పెట్టినారు, దుప్పటి ముడత లేకుండా ఉండాది. కనకాంబరం సంగతి నువ్వు రాసింది తక్కువే. మా పెరట్లోది పుల్ల మాదిరి నిలబడి ఉండాది, దీన్ని చూసి నాకు ఆశ పుట్టి ఒక కొమ్మ తుంచుకొస్తిని. యారూ చూడలేదు, అక్క చూసి నవ్వె.

అక్క మర్యాద ఈ కాలంలో యారికి వస్తాది! నేనున్నంత సేపూ నోరు తెరిచి ఒక్కటీ అడగలేదు. ఆ అంజనమ్మ వచ్చి "ఏమన్నా కావాలామ్మా" అంటే "ఏమొద్దు తల్లీ, నువ్వు సుమ్మనే కూర్చో" అనె. పడిపోయిన మనిషి అయినా మన పుట్టింటి పేరు నిలబెడతాండాది.

కానీ ప్రమోదా, దుప్పటి సర్దుదామని చెయ్యి పెడితే ఆ గరగరలాడేది తగిలె. నా చెయ్యి కాలినట్లాయె. చంటిబిడ్డకు కట్టేది మా అక్కకు కడతారా? ఇదేందమ్మా అని ఆ ఆశాను అడిగితే, కూతురే ఒప్పుకొని సంతకం పెట్టిందని చెప్పె. నీకు కాలేజీ ఉండాది, సంసారం ఉండాది, తెలియదా నాకు. అయినా మెత్తటి గుడ్డలకు కరువొచ్చిందా మన ఇంట్లో? నా పాత నూలు చీరలు చింపి, ఉతికి, మూట కట్టి మళ్ళీ లోకేశ్ చేత పంపించినా. అవి వాడమని చెప్పు.

నూనె రాస్తాండాను. నువ్వు వేళకు తిను.

చిన్నమ్మ
రామలక్ష్మమ్మ


చిక్కబళ్ళాపురం,
1 డిసెంబరు 2024

చిన్నమ్మా,

నేను కట్టించలేదు. కట్టడానికి ఒప్పుకున్నాను. ఈ రెండింటికీ తేడా ఉందని నీకు నచ్చజెప్పడానికి మొదలుపెట్టిన కాగితాలు చింపేశాను. ఉందో లేదో నాకే తేలలేదు.

నీ గుడ్డలు చేరాయి. అమ్మ వాటిని ఎవరినీ ముట్టనివ్వలేదు. మడతపెట్టి దిండు కింద దాచుకుంది. "రామలక్ష్మి కట్టిన చీరలు, ఈ పాడు పనికి వాడతారా" అంటుంది. రాత్రిళ్ళు ఒకటి తీసి చెంప కింద పెట్టుకుంటుందని అంజనమ్మ చెప్పింది. కాబట్టి నీ గుడ్డలు వృథా కాలేదు, నువ్వనుకున్న చోట మాత్రం లేవు.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మకు జ్వరం వచ్చి తగ్గింది. కంగారుపడకు, నిజంగానే తగ్గింది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. నడుము కింద చర్మం ఎర్రగా కంది ఉంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే తడిలో ఉంటే పుండవుతుందట. డాక్టరు అమ్మ నాలుక చూసి, చేతి మీది చర్మాన్ని వేళ్ళతో పట్టి వదిలి, "ఈమె నీళ్ళు తాగుతున్నారా? ఒంట్లో నీళ్ళే లేవు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నీళ్ళు తక్కువ ఇస్తే మార్చే పని తగ్గుతుందని వీళ్ళే ఇవ్వడం లేదనుకున్నాను. వరండాలో అందరి ముందూ ఆశాను నిలదీశాను. నా జీవితంలో అంత గట్టిగా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ అమ్మాయి ఎర్రబడింది కానీ తగ్గలేదు.

"మేడమ్, పొద్దున్నే ఫ్లాస్కు నింపి పెడతాము. సాయంత్రానికి ఖాళీ అయి ఉంటాది. మీ అమ్మగారు బాగా తాగుతారనే మేము అనుకుంటిమి. గంట అయితే చేరిన దినం నుంచి ఒక్కసారీ నొక్కలేదు. పిలవకపోతే మాకు ఎట్ల తెలుస్తాది?"

"పిలవని వాళ్ళ దగ్గరికి మీరే పోవాలి కదా?" అన్నాను.

ఆమె అమ్మ మంచం వైపు ఒకసారి చూసింది. తర్వాత, "అది నిజమే మేడమ్. గంట కొట్టేవాళ్ళ దగ్గరికే మా కాళ్ళు పోతాండాయి" అంది.

మర్నాటి నుంచి పద్ధతి మార్చింది. తడిసినాక మార్చడం కాదు, తడవకముందే పోయి అడగడం. నిద్ర లేవగానే, కాఫీ తాగాక, అన్నం తిన్నాక ఒకరు వచ్చి "పోదామా అమ్మా" అని అడిగి, కమోడ్ కుర్చీలో కూర్చోబెట్టాలి. డైపర్ రాత్రికి మాత్రమే. ఇది ముందే ఎందుకు చేయలేదని అడగబోయి ఊరుకున్నాను. నేనూ ముందే అడగలేదు కదా.

కానీ కుదరడం లేదు చిన్నమ్మా. వాళ్ళు వస్తారు, అడుగుతారు. అమ్మ నవ్వుతూ "ఇప్పుడొద్దులే తల్లీ, నీకెందుకు శ్రమ" అంటుంది. వాళ్ళు పోయిన కాసేపటికే తడిసిపోతుంది. బలవంతంగా లేపితే మనిషిని అవమానించినట్లు. లేపకపోతే పుండు. ఎటు తిరిగినా అమ్మ ఒళ్ళే.

ఫ్లాస్కు ఖాళీ అవుతోంది, ఒంట్లో నీళ్ళు లేవు. ఆశా అబద్ధం చెబుతోందా? ఆమె ముఖం చూస్తే అలా అనిపించదు. నాకేమీ పాలుపోవడం లేదు.

ప్రమోద


బాగేపల్లి,
9 డిసెంబరు 2024

ప్రమోదా,

నీ జాబు చదివి అన్నం సయించలేదు. అక్క ఒంటి మీద పుండు లేస్తాదా? చాలు. ఆ హోమూ వద్దు, ఆ గంటా వద్దు. నెలాఖరుకు లోకేశ్ కారు మాట్లాడతాడు. అక్కను నేను బాగేపల్లికి తెచ్చుకుంటా. మా ఇంటికి మెట్లుండేది నిజమే, దొడ్డికి పోయే బచ్చలి పెరటి చివర ఉండేది నిజమే, నా మోకాలి సంగతి నీకు తెలిసిందే. అయినా నేను ఉండగా అక్క ఒకరి చేతికి ఎదురుచూడాల్నా? నువ్వు ఏమీ అనుకోవద్దు. నీ చేత కాలేదని కాదు. కాలేదు అంతే.

ఇంకో మాట. నీళ్ళ గురించి ఆ నర్సు పిల్లతో కొట్లాడినావే, అది తప్పు. వాళ్ళు ఇవ్వకపోవడం కాదు. అక్కే తాగదు. పోయిన తూరి పోయినప్పుడు నేనే గుర్తు చేసి వస్తిని. "అక్కా, ఒకరి చోట ఉండావు, అమ్మ చెప్పింది మరిచిపోవద్దు" అంటే, "మరుస్తానా రామలక్ష్మీ" అనె.

నీకు తెలియదులే ఇదంతా. మేము చిన్నప్పుడు పెండ్లికి గానీ చుట్టాల ఊరికి గానీ బయల్దేరితే మా అమ్మ గడప దగ్గర నిలబెట్టి చెప్పేది: "గొంతు తడుపుకోండి, కడుపు నింపుకోవద్దండి." అప్పుడు యారింట్లో ఉండె బచ్చలి? చీకటి ఉండగా పోవాల, లేకుంటే మళ్ళీ చీకటి పడినాక పోవాల. పట్టపగలు ఆపుకోలేకపోతే ఆ ఇంటి ఆడవాళ్ళను బతిమాలుకోవాల, వాళ్ళు చేతిలో పని ఇడిచిపెట్టి చెంబు పట్టుకొని తోడు రావాల. ఎంత నామోషీ! చుట్టంగా పోయిన ఆడది తాగిన నీళ్ళను బట్టే దాని పెంపకం తెలిసేది. అక్క అంటే మొదటినుంచీ అందరూ మెచ్చుకొనేవాళ్ళు. ఒక పెండ్లిలో దినమంతా సగం లోటా నీళ్ళతో గడిపింది. ఇప్పుడు ఇంత కష్టంలో కూడా మర్యాద తప్పలేదు చూడు.

కారు సంగతి ఖాయం. అక్క గుడ్డలు సర్ది పెట్టు.

చిన్నమ్మ


చిక్కబళ్ళాపురం,
16 డిసెంబరు 2024

చిన్నమ్మా,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివాను. చదివి లేచి నేరుగా చింతామణి బస్సెక్కాను. మధ్యాహ్నం క్లాసు పోయింది.

వార్డులోకి పోయి, అమ్మతో మాట్లాడకముందే కనకాంబరం కుండీలో వేలు గుచ్చాను. మట్టి బురదలా ఉంది. అంజనమ్మను పిలిచి దీనికి నీళ్ళు ఎవరు పోస్తారని అడిగాను. "నేను పోయను మేడమ్. యారు పోస్తారో, దేవుడే పోస్తాండాడు దానికి" అంది. తక్కిన కుండీలు ఎండిపోవడానికి కారణం కూడా ఆ మాటతోనే తెలిసింది.

అమ్మ పక్కన కూర్చున్నాను.

"ఈ మొక్కకు దేవుడు పోస్తున్నాడటనే?"

అమ్మ కిటికీ బయటికి చూసింది. "దానికీ దప్పికే కదమ్మా."

"నీకు లేదా?"

"ఉంటే? తాగితే అది లోపల సుమ్మనే ఉంటాదా? ఆ పిల్ల పరిగెత్తి రావాల, నన్ను లేపాల, కడగాల. యారింట్లోనో ఉండి అంత పని చేయించుకుంటారా యారన్నా?"

"అయితే తాగనని చెప్పొచ్చు కదా. కుండీలో పోయడమెందుకు?"

"ఫ్లాస్కు నిండుగా ఉంటే ఆ నర్సమ్మ మొగం చిన్నబుచ్చుకుంటాది. ప్రేమగా పెట్టిన నీళ్ళు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒకేసారి. అమ్మ అక్కడ ఇన్నాళ్ళూ రోగిగా లేదు చిన్నమ్మా. చుట్టంగా ఉంది. ఏమీ తక్కువ లేదమ్మా అని ఇంటివాళ్ళ ముందు చుట్టం అనే మాటే అంటూ వచ్చింది. నేను ఆ పువ్వులను చూసి మురిసిపోతూ వచ్చాను. పిల్లలకు వేర్లు నీటిని పీల్చుకునే పద్ధతి బొమ్మ వేసి చెబుతాను. ఆ నీళ్ళు ఎవరి గ్లాసులోవని ఒక్కసారీ అడగలేదు.

నిన్ను తప్పు పట్టడానికి చెప్పడం లేదు కానీ, ఆ మాట నువ్వు గుర్తుచేసి ఉండాల్సింది కాదు. ఆ మర్యాదే అమ్మకు జ్వరం తెచ్చింది. తాగకపోతే తక్కువ తడుస్తుందనుకుంటాం. అది నిజం కాదట. నీళ్ళు తగ్గేకొద్దీ మూత్రం చిక్కబడి మంట పుట్టి ఇంకా ఆగదట.

ఇది రాస్తుంటే నా గురించి కూడా ఒక సంగతి తోచింది. కాలేజీ ఉన్న రోజుల్లో నేనూ పొద్దున సగం గ్లాసే తాగుతాను. మా స్టాఫ్ రూములో ఆడవాళ్ళం అందరం అంతే. మమ్మల్ని ఎవరూ గడప దగ్గర నిలబెట్టి చెప్పలేదు. ఎవరు చెప్పారో మరి.

ఆశాకు క్షమాపణ చెప్పాను. "పోనీలే మేడమ్, కొట్లాడినందుకే కదా తెలిసింది" అంది. "ఇది మీ ఇల్లే అనుకోండమ్మా" అని అమ్మ చెయ్యి పట్టుకుని చెప్పింది కూడా. "అట్లే తల్లీ" అంది అమ్మ. సాయంత్రం మళ్ళీ గ్లాసు కుండీ వైపే పోయింది.

అందుకే నిన్నొకటి అడుగుతాను. నువ్వు బాగేపల్లికి కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఎన్నాళ్ళు అలా గొంతు తడుపుకుని బతికావు? ఎప్పుడు మానేశావు? ఏం జరిగి మానేశావు? బాగా గుర్తుచేసుకుని రాయి. అప్పటిదాకా కారు వద్దు.

ప్రమోద


బాగేపల్లి,
28 డిసెంబరు 2024

ప్రమోదా,

నేనేదో అక్క నోటికి గుడ్డ కట్టినట్లు రాస్తివి. కోపమొచ్చి నీ జాబును దేవుడి పటం ఎనక దోపేస్తిని. నేను చెప్పకపోతే మాత్రం అక్క కుండలు కుండలు తాగేదా? దీపం పెట్టేటప్పుడల్లా ఆ కాగితం అంచు కనబడతా ఉండె. నువ్వు అడిగింది బుర్రలో తిరగతా ఉండె. కడాకు తీసి మళ్ళీ చదివితి.

మా అత్తగారింట్లో అందరూ మంచోళ్ళే. "నీ ఇల్లే అనుకోమ్మా" అని పొద్దున ఒకరు, మాపున ఒకరు చెప్పేవాళ్ళు. అనుకో అని చెప్పినంత కాలమూ అది నా ఇల్లు కాదు. అప్పుడు చలికాలం వచ్చె, అనపకాయల కాలం. ఒక పొద్దున మా అత్త నానబెట్టిన అనపగింజల గంగాళం తెచ్చి నా ముందర దడాలున పెట్టి, "మధ్యాన్నానికి పితికిపప్పు కావాల, చేనికి పోతాండాను" అని ఒక మంచి మాట లేకుండా పాయె. ఇంటెడు మందికి గింజ గింజా వేళ్ళతో నొక్కి తోలు వదిలించి నేనొక్కదాన్నే పితికితి. వేళ్ళు నాని తెల్లగా అయిపాయె. మధ్యాన్నం మా మరిది వచ్చి కాళ్ళు కడక్కుండా కూర్చుంటే "కాళ్ళు కడుక్కోని రారా ముందు" అని అరిచేస్తి. అరిచినాక నాకే భయమాయె. యారూ ఏమీ అనలేదు. వాడు లేచి కడుక్కోని వచ్చె. నేను పొయ్యి పక్కనుండే చెంబెత్తి గటగటా తాగేస్తి. అదే. అంతకంటే ఏమీ జరగలేదు.

అది గుర్తుకొచ్చినాక సుమ్మనే ఉండలేకపోతిని. సంతలో అనపకాయలు ఒక మూటె కొని, లోకేశ్‌ను వెంటబెట్టుకొని చింతామణికి పోతిని. ఆ మూటెను ముందు దినమే వాడి చేత పంపి, వాళ్ళ వంటామె చేత గింజలు వొలిపించి నానబెట్టించినా. ఆశాకు చెప్తే బిక్కమొగం వేసె. "అమ్మా, పడుకోని ఉండేవాళ్ళతో పని చేయించినామని రేపు యారన్నా అంటే?" అనె. "చేయించేది నువ్వు కాదు, నేను. యారన్నా అంటే నా దగ్గరికి పంపు, నాకు చెవులు వినబడవు" అంటి.

అక్కను కుర్చీలో కూర్చోబెట్టి వరండాలోకి తెచ్చి, ఒళ్ళో గిన్నె పెడితిమి. "నాకు చేతనవుతాదా రామలక్ష్మీ, చెయ్యి పడిపోయె కదా" అనె.

"పడింది కుడిది. ఎడమది దేవుడికి దాచిపెట్టినావా?" అంటి.

మూతి ముడుచుకొని ఒక గింజ తీసుకొనె. ఎడమచేతి వాటం కాదు కదా, పప్పు ఎగిరి ఎదురుగా కూర్చొని పేపర్ చదివే, ఆ హోములోనే ఉండే మునివెంకటప్ప కండ్లద్దాలకు టప్పున తగిలె. ఆ పెద్దాయన పేపర్ దించి "ఏమ్మా చౌడమ్మా, గురి పెట్టి కొడతాండావా?" అంటే అక్క నవ్వె చూడు! మూతి ఒక పక్కకే పోతాదని నవ్వడమే మానేసి ఉండె. ఆ పక్కకే నవ్వె. తర్వాత వేళ్ళు అవే నేర్చుకొనె. గిన్నె అయిపోయినాక "ఇంకా ఉండాయా" అనె.

ఆ మధ్యాన్నం అందరికీ రాగిముద్ద, అందులోకి పితికిపప్పు సారు. అక్కకు ముద్ద నోట్లో పెడితే చప్పరించి, వంటింటి దాకా వినబడేటట్లు "ఉప్పు తక్కువ!" అనె. నాకే వినబడిందంటే చూసుకో.

నీళ్ళు తాగిందో లేదో నేను చూడలేదు, బస్సు టైమాయె. వారం వారం ఒక మూటె పంపమని లోకేశ్‌కు చెప్పినా. దీంతో కూడా కాకపోతే, కాయలు అయిపోయినాక కారు వస్తాది. చెప్పినా అంతే.

చిన్నమ్మ


చిక్కబళ్ళాపురం,
26 జనవరి 2025

చిన్నమ్మా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక జరిగింది జరిగినట్లు రాస్తున్నాను.

మొన్న క్లాసు మధ్యలో ఆశా ఫోను. "మేడమ్, మీ అమ్మగారు గలాటె చేస్తాండారు. ఒకసారి వచ్చి మాట్లాడండి." ఆమె గొంతులో విసుగు. ఇంకా ఏదో చెప్పబోయి ఎవరో పిలిస్తే పెట్టేసింది. బస్సులో కూర్చుని ఎన్ని అనుకున్నానో. మళ్ళీ జ్వరమేమో, మతి తప్పిందేమో, తీసుకుపొమ్మంటారేమో. నీ కారే గతి అనుకున్నాను.

వరండా మొదట్లోనే అమ్మ గొంతు వినిపించింది. ఇంట్లో వంట చేస్తూ వీధి తలుపు దాకా అరిచే గొంతు. ఎన్నాళ్ళయిందో విని.

"గంట కొట్టి ఎంతసేపాయె? తడిసినాక వచ్చి ఏం చేస్తావు, ముగ్గు వేస్తావా? ఫోను పక్కన పెట్టి రా అంటే యారికి చెప్తాండాను?"

అంజనమ్మ కమోడ్ కుర్చీ తోసుకొస్తూ నన్ను చూసి, "మొన్నటిదాకా నీకెందుకు శ్రమ తల్లీ అనిన అమ్మేనా మేడమ్ ఈయమ్మ? మా అత్త కూడా నన్ను ఇట్లా అనలేదు" అంది.

"మీ అత్త అనింటే నువ్వు బాగుపడుతా ఉంటివి" అంది అమ్మ, కుర్చీలోకి ఒరుగుతూ.

ఆశా నన్ను గదిలోకి పిలిచి ఫిర్యాదు చెప్పింది. అమ్మ తన కోసమే కాదట, పక్క మంచం ఆమె కోసం కూడా గంట నొక్కుతోంది. ఆమెకు మాట లేదు, చేతులు లేవవు. ఆమె కాస్త అటూ ఇటూ కదిలితే చాలు, అమ్మ గంట. రాకపోతే కేక. సాయంత్రం అనపగింజలు నానబెట్టారా లేదా అని వంటామెకు కబురు. "మాకు ఒక వరుసకు ఇద్దరే మనుషులు మేడమ్" అంది. అంతలోనే నవ్వు ఆపుకోలేక, "కానీ ఆ రెండు మంచాలూ పగలంతా పొడిగా ఉంటాండాయి. తక్కిన వరుసకు కూడా మీ అమ్మగారినే పెట్టుకుంటే పోతాదేమో" అంది.

తిట్లు కొంచెం తగ్గించమని చెప్తానన్నాను. చెప్పలేదు చిన్నమ్మా. నాకు నోరు రాలేదు.

అమ్మ నడుము చూశాను. ఎరుపు పోయింది, కొత్త చర్మం వచ్చింది. అన్ని రోజులూ ఇలాగే ఉంటాయని నేననుకోవడం లేదు. మనుషులు తక్కువైన రోజు ఆలస్యమవుతుంది, అప్పుడు తడుస్తుంది. కానీ తడిస్తే గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకోవడం లేదు. ఎవరి ఆలస్యమో పేరు పెట్టి చెబుతోంది.

నీ గుడ్డలు దిండు కింద నుంచి బయటికి వచ్చాయి. సగం పక్క మంచం ఆమెకు ఇచ్చేసింది, ఒకటి కమోడ్ కుర్చీ మీద పరిపించింది. ఒకటి మాత్రం చెంప కిందికి ఉంచుకుంది.

నీ కారు సంగతి నేను అడగకుండా ఉండలేకపోయాను. చిన్నమ్మ బాగేపల్లికి రమ్మంటోంది, పోతావా అన్నాను.

"పోవాలనే ఉండాది. రామలక్ష్మి ప్రాణం పెట్టి చూసుకుంటాది. కానీ ఆ మోకాలితో అది పరిగెత్తుతా ఉంటే నేను నోరు తెరిచి అడుగుతానా? చెల్లెలింట్లో మళ్ళీ సగం లోటానే."

నువ్వు బాధపడతావేమోనని ఇది రాయాలా వద్దా అని తటపటాయించాను. కానీ ఈసారి ఏదీ సగం చెప్పదలచుకోలేదు. నువ్వే వచ్చిపో. మూటెతో రా. కాయలు అయిపోతున్నాయి, తర్వాత ఏం పని చెప్పాలో కూడా నువ్వే ఆలోచించాలి. చింతపండు పిక్కలు తీయడం ఎలా ఉంటుంది?

ఒక చెడ్డ వార్త కూడా ఉంది. కనకాంబరం వాడిపోయింది. ఆకులు వేలాడేసి, పువ్వు లేక, నీ పెరట్లో పుల్లలా నిలబడి ఉంది. అమ్మ దాన్ని నాకు చూపించి, "చూడు, ఈ ఇంట్లో ఒక చెట్టుకు నీళ్ళు పోసే దిక్కు లేదు. అన్నీ నేనే చెప్పాల" అంది.

ఈ ఇంట్లో అంది చిన్నమ్మా.

ఫ్లాస్కు తీసి గ్లాసు నింపి కుండీ వైపు వంగాను. అమ్మ ఎడమచెయ్యి చాపింది.

"ముందు నాకియ్యి."

గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగింది. మూతి తుడుచుకుంది. మొక్కకు పొయ్యమని నాకు కళ్ళతోనే చెప్పి, కాసేపు దాన్ని చూస్తూ కూర్చుని, గంట నొక్కింది.

నీ
ప్రమోద